రత్నం చీర మీద వాలిన పురుగులు

ఈ సంగతి జరిగింది మాఘ బహుళ పంచమి, గురువారం, పొద్దున ఏడు గంటలకు. ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. ఉదయగిరి కొండ కింద ఒక గొర్రెలవాళ్ల పల్లెలో, మంచినీళ్ల బావి దగ్గర. నేను రాయకపోయినా ఆ పల్లెవాళ్లు చెప్పుకుంటారు. మా వైపు పొలాలకు గొర్రెలు తోలుకొచ్చిన ప్రతిసారీ చెప్పుకుంటారు. వాళ్ల నోట విని మీరు నవ్వేకంటే నా చేతిరాతలో చదివి నవ్వడం మేలు.

నాది కోవూరు పక్క పల్లె. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. నేర్పింది నా చెల్లెలి కూతురు రత్నం. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. అరుగు మీద కూర్చోబెట్టి, నా చేయి పట్టుకుని దిద్దించేది. తప్పు రాస్తే నెత్తిన మొట్టేది. దారిన పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. సిగ్గు నాకు కొత్త కాదని చెప్పడానికే ఇది రాశాను.

ఆ రత్నం ఇప్పుడు ఉత్తరదేశంలో అడవుల చదువు చెప్పే చోట పురుగుల మీద పరిశోధన చేస్తోంది. అడవి చెట్లకూ, అడవి అంచున ఉండే చింతచెట్లకూ పట్టే ఒక పురుగు ఉంది. చిన్న చిన్న పుల్లలు ఏరి, నోటి దారంతో కుట్టుకుని, సంచి లాంటి గూడు చేసుకుంటుంది. ఆ గూటిని కట్టెలమోపులా ఈడ్చుకుంటూ ఆకు తింటుంది. పెద్దయ్యాక మగదానికి రెక్కలు వస్తాయి, ఎగిరిపోతుంది. ఆడదానికి రావు. అది గూడు దాటదు. గూట్లోనే ఉండి ఒక వాసన వదులుతుంది. మగది ఆ వాసన పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. ఆ వాసన దేనితో చేసిందో తెలిస్తే, దాన్నే బోనులో పెట్టి మగపురుగులను పట్టేయవచ్చు, చెట్లన్నిటికీ డి.డి.టి. చల్లే పని ఉండదు అని రత్నం ఆలోచన.

రాయడానికి ఇందులో సిగ్గేమీ లేదు. పాతికేళ్లు దాటిన పెళ్లికాని పిల్ల ఇదే మాట నలుగురు మగవాళ్ల మధ్య గట్టిగా చెబుతుంటే పక్కన కూర్చున్న మేనమామకు ఉంటుంది. పిల్లను ఒంటరిగా పంపడం ఇష్టం లేక మా చెల్లెలు నన్ను తోడు పంపింది.

ఆత్మకూరు

నెల్లూరు నుంచి బస్సు ఎక్కాం. పెన్న నీళ్లు పారే వరికయ్యలు వెనకబడిన కొద్దీ నేల రంగు మారిపోయింది. మా వైపు కంటికి పచ్చదనం తప్ప తగలదు. ఇక్కడ ఎర్రనేల, రాళ్లు, తుమ్మచెట్లు. ఆత్మకూరులో దిగేసరికి మా ఇద్దరి తలలూ ఒకే రంగులో ఉన్నాయి.

ఉదయగిరి బస్సు మా కళ్ల ముందే వెళ్లిపోయింది. తప్పు నాదే. చదవడం వచ్చిన కొత్త మోజు నాకు ఇంకా తీరలేదు. ఊళ్లో కనిపించిన బోర్డునల్లా నిలబడి పైకి చదువుతాను. తాలూకా కచేరీ బోర్డు పూర్తిచేసి తిరిగి చూస్తే బస్సు దుమ్ము మాత్రం ఉంది. రత్నం కోప్పడలేదు. "బాగా చదివావు మామా" అంది. అంతకంటే మొట్టినా బాగుండేది.

బజారులో ఒక పూటకూళ్ల ఇంట్లో ఇడ్లీ తిన్నాం. అణాకు రెండు. చట్నీలో కారం మా ఊళ్లో వారానికి సరిపోయేంత వేశారు. కాఫీలో బెల్లం. ఎదురుబల్ల మీద వేరుశనగ కాయల బేరగాడు ఒకాయన కూర్చుని, మమ్మల్ని కాసేపు చూసి, అడగనే అడిగాడు.

"యాడికి పోతుండారు?"

"ఉదయగిరికండీ" అన్నాను. అక్కడితో ఆపుదామనుకున్నాను.

"ఏం పని మీద?"

రత్నం చెప్పింది. ఆడపురుగు, మగపురుగు, వాసన, అన్నీ చెప్పింది. నేను దగ్గాను. నీళ్లు తాగాను. మళ్లీ దగ్గాను. అది ఆగలేదు. "గాలి వాటంగా ఉంటే చాలా దూరం నుంచి కూడా వస్తాయండీ" అంది.

బేరగాడు తలాడించాడు. "నిజమేనమ్మా. మా బావమరిది అట్టాంటోడే. మా ఇంట్లో కోడికూర ఉడికితే మూడు మైళ్ల ఆవల నుంచి వస్తాడు. వాడికి బోను యాడ దొరుకుద్దో రవంత చెప్పి పో."

హోటలంతా నవ్వింది. రత్నం అందరికంటే ఎక్కువ నవ్వింది. నేను ఆకు మడిచి లేచాను. రాత్రికి సత్రంలో పడుకుని మర్నాడు బస్సు అందుకున్నాం. ఈసారి బోర్డులు చదవలేదు.

ఉదయగిరి

కొండ దూరం నుంచే కనిపిస్తుంది. దాని మీద పాతకోట గోడలు పళ్లు ఊడిన దవడలా ఉన్నాయి. ఊళ్లో మాత్రం చూడవలసింది గరిటెలు. అడవి కట్టె తెచ్చి, వాకిట్లో కూర్చుని, చిన్న ఉలితో, ఆకురాయితో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ఫోర్కుతో తినేవాళ్లు ఉదయగిరిలో ఒక్కరూ లేరు. అయినా అవే ఎక్కువ చేస్తున్నారు.

మస్తాన్ అనే పనివాడి దగ్గర ఒక గరిటె కొన్నాను. ఆరణాలు చెప్పి అయిదణాలకు ఇచ్చాడు. మేము పోయే పల్లె పేరు చెబితే, "గురువారం నేనూ ఆడికే వస్తుండా. పెంచలయ్య దగ్గర మేకపిల్ల బేరం ఉండాది" అన్నాడు. రత్నాన్ని చూసి, "డాక్టరమ్మా?" అని అడిగాడు.

"పురుగుల డాక్టరు" అంది రత్నం.

"పురుగులకు రోగమొస్తే చూస్తావా?"

"లేదు, పురుగులవల్ల చెట్లకు రోగమొస్తే చూస్తాను."

"అట్టా చెప్పు. మరి మనుషుల వల్ల చెట్లకు రోగమొస్తే ఎవరు చూస్తారు? నేనే అర అడవి నరికినా" అని తన మాటకు తానే నవ్వుకున్నాడు.

పెంచలయ్య ఇల్లు

మేము దిగింది పెంచలయ్య ఇంట్లో. వరికోతలయ్యాక మా కయ్యల్లో ఏటా గొర్రెలను కట్టేది ఆయన మందే. గొర్రెల ఎరువు పడిన కయ్యలో పైరు ఎలా వస్తుందో మా వైపు రైతులకు తెలుసు. ఈ ఏడు ఆయనకు మోకాళ్ల నొప్పులు వచ్చి, మందతో కొడుకు మాలకొండయ్యను పంపాడు. నేను బయలుదేరిన రోజున ఆ అబ్బాయి మా పొలంలోనే ఉన్నాడు.

మా ఇంట్లో పెంచలయ్యకు అన్నం అరుగు మీద పెడతాం. విస్తరి ఆయనే తీసేసుకుంటాడు. ఇన్నేళ్లలో లోపలికి రమ్మని ఎవరమూ అనలేదు, ఆయన అడగలేదు. ఆయన ఇంట్లో నాకు నులకమంచం వేసి, దాని మీద కొత్త దుప్పటి పరిచి, ఆయన కింద కూర్చున్నాడు. సజ్జసంకటి, చింతచిగురు పప్పు, గొర్రెపాల పెరుగు. నా ముద్ద అయ్యేదాకా తాను తినలేదు. "మా ఇంటికి నడిచొచ్చినావన్నా" అని పదిసార్లు అన్నాడు. తల ఎత్తి మాట్లాడలేక వంచుకుని తిన్నాను. ఆకలిమీద ఉన్నాననుకుని ఆయన భార్య చెంచమ్మ ఇంకో ముద్ద వేసింది.

ఇంట్లో ఇంకొకరు కోడలు రమణమ్మ. పందొమ్మిదేళ్లుంటాయి. పెళ్లై ఏడాది. మొగుడు మంద వెంట పోయి రెండు నెలలు.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. ఇంటికి వచ్చిన ఆడబిడ్డ తాను విడిచిన బట్ట తాను ఉతుక్కోకూడదు. స్నానానికి నీళ్లు తోడి, ఇంటి చీర ఒకటి కట్టబెట్టి, విడిచిన చీరను ఇంటి కోడలే బావికి తీసుకుపోయి ఉతికి తేవాలి. మా వైపు చాకలికి వేస్తాం, అందులో మర్యాద ఏమీ ఉండదు. ఇక్కడ ఉంది.

మంగళవారం రోజంతా రత్నం చింతతోపులో తిరిగింది. ఆడపురుగుల గూళ్లను కొమ్మల నుంచి కోసి, చింతచిగురు కోసుకునే ఆడవాళ్లలాగే చీర ఒడిలో వేసుకుంది. సాయంత్రం వాటిని గుడ్డసంచుల్లోకి మార్చింది. చెంచమ్మ నీళ్లు తోడించింది. ఎర్ర నేతచీర ఒకటి ఇచ్చింది. రత్నం విడిచిన పూలచీరను రమణమ్మ తీసి చంకన పెట్టుకుంది.

బావి

మర్నాడు పొద్దున నేను పెరట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాను. బావి వైపు నుంచి అరుపు వినిపించింది.

వెళ్లేసరికి ఆడవాళ్లు గుంపుగా వెనక్కి జరిగి నిలబడ్డారు. మధ్యలో రమణమ్మ. ఒంటిమీద రత్నం పూలచీర. చీర ఒడి చుట్టూ నల్లటి చిన్న రెక్కలపురుగులు ముసురుకున్నాయి. తోలితే లేచి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. పక్కన ఉన్న ఏ ఒక్కరి మీదా వాలడం లేదు.

"ఆ చీర నీ ఒంటి మీదికి ఎట్టా వచ్చినాదే?" అని చెంచమ్మ అడిగింది.

"ఉతకను తెచ్చినా అత్తా. తడిపే ముందు ఒక్కసారి కట్టుకుని చూద్దామని..."

"మొగుడు ఊళ్లో లేడు. ఎవురికి చూపించను కట్టినావు?"

రమణమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పొరుగింటి అంకమ్మ చేద దింపి, తీరిగ్గా అంది. "మరులుమందు పెట్టించుకుని ఉంటాది వదినా. మొగోళ్లకు పెడితే మొగోళ్లు వస్తారు. ఇది ఎక్కువ పెట్టినాది, పురుగులు కూడా వస్తుండాయి."

నవ్వినవాళ్లు నవ్వారు. చెంచమ్మ నవ్వలేదు. ఇంటికి వచ్చి రమణమ్మ చేత చీర మార్పించి, పూలచీరను ముట్టుకోకుండా కర్రతో ఎత్తి ముళ్లకంప మీద పారేసింది. ఎవరూ ఉతకలేదు.

"రేపు పొద్దున్నే బండి కట్టించు. దీన్ని వరికుంటపాడులో దాని నాయన వాకిట దింపిరా. నా కొడుకు వచ్చినాక వాడిష్టం" అని పెంచలయ్యతో అంది.

మా వైపు ఇలాంటి మాటతో పుట్టింటికి పోయిన పిల్ల తిరిగి వచ్చినట్టు నేను వినలేదు. వాళ్ల వైపూ అంతేనని పెంచలయ్య ముఖం చూస్తే తెలిసింది.

రత్నం ఊరి పెద్ద వెంగయ్యను పిలిపించమంది. ఆయన వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. సగం పల్లె ఆయన వెనకే వచ్చింది. రత్నం మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆడపురుగు, గూడు, దాని ఒంటి నూగు ఒడిలో రాలడం, వాసన. ఈసారి నేను దగ్గలేదు.

వెంగయ్య ఓపిగ్గా విన్నాడు. కర్రతో కంప మీద చీరను తనవైపు లాక్కుని వాసన చూశాడు. "నాకేమీ తగల్లేదే."

"మన ముక్కుకు తగలదు తాతా. వాటికే తగులుతుంది."

"అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. తగలని వాసన ఉండాదంటే మేము ఎట్టా నమ్మేది?"

"అయితే ఇప్పుడే ఆ చీర నేను కట్టుకుంటాను. నా మీదా వాలతాయి చూడండి."

"నువ్వూ పడుచుదానివేగా!" అని వెనక నుంచి అంకమ్మ అందుకుంది. "నీ మీద వాలితే ఏం రుజువు? అదిగో, ఆ పెద్దాయన కట్టుకోమను. ఆయన మీద వాలితే మందు కాదని నేను ఒప్పుకుంటా."

పల్లె గొల్లుమంది. అందరి చూపూ నా మీద. నేను తల దించుకున్నాను. మా ఊళ్లో పదిమంది నా మాట అడిగి చేస్తారు. అరవై నిండాయి. మనవళ్లు ఉన్నారు.

తల దించుకుంటే గుమ్మంలో రమణమ్మ కాళ్లు కనిపించాయి. పొద్దుటి నుంచి అక్కడే నిలబడి ఉంది. లోపలికి పోనివ్వలేదో, తానే పోలేదో.

"కట్టుకుంటాను" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. రత్నం నా వైపు చూసి, తరవాత పొద్దు వైపు చూసింది. "ఇవాళ్టికి కాదు మామా. మగవి పొద్దున కాసేపే ఎగురుతాయి. రేపటి దాకా ఆగాలి."

"రేపు బండి కదిలే ముందు చూస్తాం" అన్నాడు వెంగయ్య. "తోపులో కాదు, ఆడ గూళ్లుండాయి. బావి కాడ. ఆ అమ్మి నిలబడిన చోటే."

ఆ పూటా విస్తరి ముందు కూర్చున్నాను. అన్నం పెట్టిన ఇంట్లోకి మేము తెచ్చిపెట్టింది ఇది. చెంచమ్మ మాత్రం మాకు వడ్డన తగ్గించలేదు. కోడలి మీద కోపం అతిథి విస్తట్లో చూపించలేదు. అదింకా కష్టంగా ఉంది.

సాయంత్రం రత్నాన్ని పక్కకు పిలిచి అడిగాను. "వస్తాయా?"

"చెప్పలేను మామా. రోజంతా ఎండకు ఉంది. తెల్లారేదాకా మంచు పడుతుంది. నూగు ఉంటే వస్తాయి. రాలిపోతే రావు."

"రాకపోతే?"

అది కంప మీద చీర వైపు చూసింది. మొదటిసారి దాని ముఖంలో భయం చూశాను.

చీర

గురువారం పొద్దున బండి వాకిట్లో కట్టి ఉంది. రమణమ్మ మూటతో బండిలో కూర్చుని, కొంగు ముఖం మీదికి లాక్కుంది. బండిని బావిదాకా తోలించారు.

నేను చీర భుజాన వేసుకోబోయాను.

"అట్టా కాదు. భుజాన వేసుకుంటే లెక్కలోకి రాదు. మా రమణమ్మ ఎట్టా కట్టిందో అట్టా కట్టాల" అంది అంకమ్మ.

రత్నం పంచె మీదనే నాకు చీర చుట్టింది. కుచ్చిళ్లు పోసి, ఒడి ముందుకు తీసి, కొంగు భుజం మీద వేసింది. వేస్తూ "చేతులు కిందికి పెట్టు మామా, కదలకు" అంది. పలక ముందు కూర్చోబెట్టినప్పటి గొంతే. మస్తాన్ అప్పుడే మేకపిల్ల కోసం వచ్చి, నన్ను గుర్తుపట్టి, గరిటె అమ్మినవాడు కదా, నవ్వాలో వద్దో తెలియక టోపీ సర్దుకున్నాడు.

నిలబడ్డాను. పొద్దు పైకి వస్తోంది. ఒక్క పురుగు లేదు. ఎవరో తుమ్మారు. బండి ఎద్దు మెడ గంట ఆడించింది. అంకమ్మ, "పెద్దాయనకు బొట్టు పెట్టలేదు, అందుకే రాలేదేమో" అంది. కొందరు నవ్వారు. చెమట నా వీపు మీద కారుతోంది. భూమి మింగేస్తే బాగుండుననిపించింది. చెంచమ్మ బండివాడి వైపు తిరిగి చెయ్యెత్తింది.

అప్పుడు ఒకటి వచ్చింది. నా మీద వాలకుండా, ముఖం చుట్టూ తిరిగి, పక్కకు పోయింది. పోయిందనే అనుకున్నాను. తిరిగి వచ్చి ఒడి మీద వాలింది. దాని తల మీద ఈకల్లాంటి మీసాలు ఆడుతున్నాయి. దాని వెనకే ఇంకొకటి. తోపు వైపు నుంచి ఇంకొన్ని. కుచ్చిళ్లలో దూరుతున్నాయి, రెక్కలు కొట్టుకుంటూ పైకి పాకుతున్నాయి. నా చేతుల మీద వాలలేదు, కింద కనిపించే పంచె అంచు మీద వాలలేదు. చీర ఒడి మీదే.

వెంగయ్య దగ్గరికి వచ్చి, వంగి, తన తలపాగా చివర నా ఒడికి రుద్ది, దూరం పోయి నిలబడ్డాడు. కాసేపటికి ఒకటి ఆయన తలపాగాకూ వచ్చింది. ఆయన దాన్ని తోలలేదు.

అంకమ్మ మాటకు మాట మిగల్చదు. "ఏంది పెద్దాయనా, ఇంతమంది మొగుళ్లను పెట్టుకుని మీ ఇంటామెకు ఏం చెప్పుకుంటావు?"

పల్లె విరగబడి నవ్వింది. ఆ నవ్వుల్లో ఒకటి బండిలో నుంచి వచ్చింది. రమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక, మూట మీద పడి నవ్వుతోంది.

చెంచమ్మ బండి దగ్గరికి పోయింది. అందరం చూస్తున్నాం.

"ఏందే ఆ పకపకలు, పెద్దాయన ముందర? దిగు. కుండలు ఖాళీగా ఉండాయి, పొద్దెక్కుతుండాది. నీళ్లు ఎవురు తోడతారు, నీ నాయనా?"

రమణమ్మ దిగింది. చెంచమ్మే మూట అందుకుంది.

నాకు సిగ్గు తీరలేదు. రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. మాలకొండయ్య ఎలాగూ వింటాడు, మా ఊరంతా వింటుంది. కనుక ఆ పొద్దున నన్ను చీరలో చూసినవాళ్ల పేర్లు నేనే రాసేస్తున్నాను, ఎవరైనా కాదంటే వాళ్లనే అడగవచ్చు. పల్లె పెద్ద వెంగయ్య. నా మిత్రుడు పెంచలయ్య. ఆయన భార్య చెంచమ్మ. పొరుగింటి అంకమ్మ, ఆమె చెల్లెలు మంగమ్మ. మేకపిల్ల బేరం మరిచి నిలబడిపోయిన ఉదయగిరి మస్తాన్. నా మేనకోడలు రత్నం. చేదతో బావి గట్టు ఎక్కిన రమణమ్మ. వరికుంటపాడుకు కట్టిన ఎద్దులను విప్పి నీళ్లకు తోలుకుపోయిన బండివాడు నరసయ్య.